విలియం గారి చావు కబురు

శనివారం ఉదయం ఎనిమిదింటికే రమణి ఆ రోజు పనులన్నీ వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. ఇస్త్రీ, చదువుకునే గది దుమ్ము దులపడం, వంట. మధ్యాహ్నం మూడింటికి మేడమ్‌కు కంప్యూటర్‌లో మీటింగు. మీటింగు అయ్యాక తన వీసా కాగితాల మీద మేడమ్ సంతకం. మొదటి మూడూ తన పనులు, చివరి రెండూ మేడమ్‌వి. ఇక్కడ ఉండనిచ్చే కార్డు గడువు ఇంకా తొమ్మిది రోజులే ఉంది కాబట్టి, రమణి దృష్టిలో అసలు పని ఆఖరిదొక్కటే. మిగతావన్నీ దానికి ముందు పాడే ప్రార్థన గీతాలు.

మేడమ్ పేరు జిలియన్. యాభై ఎనిమిదేళ్ల ఇంగ్లిషు మనిషి, ఒక కాలేజీలో పాఠాలు చెబుతూ పదేళ్లుగా ఒమాన్‌లోని ఘుబ్రాలో ఒంటరిగా ఉంటోంది. రమణిది పాలకొల్లు దగ్గర పల్లె. నాలుగేళ్ల కిందట ఒమాన్ వచ్చిన కొత్తలో సమాయిల్లో ఒక పెద్దింట్లో పెట్టారు. పద్నాలుగు మంది మనుషులు, రెండు వంటిళ్లు. ఇంటికి ఫోన్ చేసుకోవడానికి వారానికి ఒక గంట. ఆ చెర నుంచి బయటపడి ఈ ఇంటికొచ్చి రెండేళ్లయింది. ఇక్కడ తనకో గది ఉంది, శుక్రవారం సెలవు ఉంది, కాఫీ అడిగే ముందు మేడమ్ 'ప్లీజ్' అంటుంది. మొదటి నెలంతా ఆ ప్లీజ్ వెనక ఏం మెలిక ఉందోనని రమణి భయపడింది కూడా. ఈ ఇల్లు పోతే మళ్లీ ఏజెంటు గడప, మళ్లీ ఏ సమాయిల్ ఇల్లో. ఆ మాట తలచుకుంటే చేతిలో గిన్నె జారిపోతుంది.

మేడమ్ పెట్టిన నియమం ఒక్కటే. చదువుకునే గదిలో బల్ల మీద ఏదీ ముట్టుకోకూడదు. ఆ బల్ల వెనక గోడ నిండా ఒక పెద్ద చార్టు ఉంది. గళ్లలో పేర్లు, పేరుకీ పేరుకీ మధ్య గీతలు, కొన్నిటికి టిక్కులు, కొన్నిటికి ప్రశ్నార్థకాలు. ఇంగ్లండులో ఒకే చర్చి కిందికి వచ్చే ఊళ్లను పారిష్ అంటారట. అలాంటి ఒక చిన్న పల్లెటూరి పారిష్‌లో మేడమ్ పూర్వీకులు పుట్టారు, పెళ్లాడారు, పోయారు. వాళ్లను వెతకడం మూడేళ్లుగా మేడమ్ సరదా. రమణికి ఇదంతా తెలియదు. గళ్లూ టిక్కులూ చూసి, ఎప్పుడో చేయబోయే శుభకార్యానికి పిలవాల్సిన చుట్టాల జాబితా అనుకుంది. ఇంతమంది చుట్టాలుండి రెండేళ్లలో ఒక్కరూ గుమ్మం తొక్కలేదే అని జాలి కూడా పడింది.

ఆ జాలే కొంప ముంచింది. గురువారం కొరియర్‌లో ఒక కవరొచ్చింది. మేడమ్ చేతులకు తెల్ల గ్లవుజులు వేసుకుని దాన్ని విప్పి చదివి, కళ్లు తుడుచుకుంది. రమణి మంచినీళ్లు తెచ్చిచ్చింది.

"విలియం పోయాడు రమణీ. పాపం, మట్టి చేసేటప్పుడు పక్కన ఒక్కరు కూడా లేరు," అంది మేడమ్.

వాళ్లిద్దరి మధ్యా మాటలు సగం ఇంగ్లిషు, పావు హిందీ, మిగతా పావు చేతులు. అయినా ఈ మాటలో అర్థం కానిదేమీ లేదు. ఎప్పుడు పోయాడని మాత్రం రమణి అడగలేదు. ఏడుస్తున్న మనిషిని తేదీలు అడిగే సంస్కారం గోదావరి జిల్లాలో లేదు.

శనివారం తొమ్మిదిన్నరకు మేడమ్ కారేసుకుని మత్రా బజారుకు వెళ్లింది. రమణి గుడ్డ పట్టుకుని గదిలోకి వెళ్లి, బల్ల వైపు చూసి కొయ్యబారిపోయింది. వీసా ఫారం పక్కనే ఆ ఉత్తరం పరిచి ఉంది. నాలుగు వైపులా వేలెడు మందాన నల్లటి అంచు.

చదవడం రాకపోయినా ఆ అంచు చాలు. చావు కబురు తెచ్చిన కాగితాన్ని చదివిన వెంటనే చింపి గడప అవతల పారేయాలి, తలస్నానం చేయాలి. ఆ కాగితం ఇంట్లో ఉన్నంతసేపూ చావు ఇంట్లో కూర్చున్నట్టే. రమణి వాళ్లమ్మ అయితే అలాంటి కార్డును లోపలికి కూడా తేనిచ్చేది కాదు, వీధి అరుగు మీదే చదివించుకుని ముక్కలు చేసేది. మేడమ్ రెండు రోజులుగా దాన్ని బల్ల మీద పెట్టుకుని కూర్చుంది. చెప్పేవాళ్లు లేక కదా, పాపం!

బల్ల ముట్టుకోవద్దన్నది మేడమ్ మాట. చావు కాగితం ఇంట్లో ఉంచొద్దన్నది పెద్దల మాట. రమణి రెండు నిమిషాలు తటపటాయించి, దణ్ణం పెట్టుకుని, ఉత్తరాన్ని నిలువునా ఒకసారి, అడ్డంగా ఒకసారి చింపింది. నాలుగు ముక్కల్నీ వంటింటి చెత్తసంచిలో వేసి, ముడి బిగించి, వీధి మలుపులో ఉన్న పెద్ద డబ్బాలో పడేసి వచ్చింది. తలకు పోసుకుంది. మైల ఇల్లు కదా అని పప్పులో తాలింపు కూడా పెట్టలేదు. చాలా రోజుల తర్వాత ఒక మంచి పని చేసినట్టు మనసు తేలికైంది.

పెరటి గోడ అవతల ఆశ బట్టలు ఆరేస్తోంది. కడప పిల్ల. పక్క విల్లాలో ఉమ్ సాలిం అనే ఒమానీ పెద్దావిడ ఇంట్లో పని.

"యాందక్కా, శనివారం పూట తలకి పోసుకుంటివి?" అంది ఆశ.

"మా మేడమ్ గారి తమ్ముడో ఎవరో పోయారే. విలియం గారంట. ఎవరితోనూ అనకు."

"నేనేంటికి చెప్తానక్కా!" అంటూ ఆశ తడి బట్టలు బకెట్లోనే వదిలేసి లోపలికి పోయింది.

పదకొండున్నరకు ఫోన్ మోగింది. మేడమ్.

"రమణీ, బల్ల మీద నల్ల అంచు ఉత్తరం ఉంది చూడు."

రమణి "ఉంది మేడమ్," అంది. ఉంది అన్నది అలవాటుగా వచ్చేసిన మాట.

"నేను మత్రాలో ఫ్రేము షాపులో ఉన్నాను. కొలత తెచ్చుకోవడం మర్చిపోయాను. స్కేలు పెట్టి పొడవూ వెడల్పూ చెప్పు. దాన్ని ఎత్తకు. దాని మీద ఊపిరి కూడా వదలకు. నూట అరవై ఏళ్ల కిందటిది."

"ఎన్నేళ్లు మేడమ్?"

"1861. విలియం మా తాతకు తాత. ఆ చావు కబురు రాసిన కాగితం ప్రపంచం మొత్తం మీద ఇదొక్కటే. హిల్డా అని, ఆ ఊరి చర్చి పాత కాగితాల పెట్టె తాళాలు ఆవిడ దగ్గరుంటాయి. పంపకూడదు, అయినా నా మీద నమ్మకంతో అసలు ఉత్తరమే పంపింది. మూడింటికి ఆవిడకు కెమెరాలో చూపించాలి. ఫ్రేము కట్టించి సోమవారం వెనక్కి పంపుతానని మాటిచ్చాను. ఊఁ, కొలత చెప్పు."

రమణి స్కేలు తీసుకుంది. కొలవడానికి బల్ల మీద వీసా ఫారం తప్ప ఏమీ లేదు. దాన్నే కొలిచింది.

"ముప్ఫై, ఇరవై ఒకటి."

"అంత పెద్దదా?"

"నల్ల అంచుతో కలిపి మేడమ్."

ఫోన్ పెట్టేసి రమణి వీధిలోకి పరుగెత్తింది. నూట అరవై ఏళ్ల కిందట పోయిన మనిషికి ఇవాళ తలస్నానం చేసిన పిచ్చిమొద్దును నేనేనని తనను తాను తిట్టుకుంటూ మలుపు తిరిగేసరికి, చెత్త లారీ ఆ డబ్బాను అప్పుడే పైకెత్తి, తనలో వంపుకుని, కిందికి దించుతోంది. రమణి చెయ్యి ఊపింది. లారీ వెళ్లిపోయింది.

లింబాద్రి గుర్తొచ్చాడు. నిర్మల్ దగ్గరి ఊరి మనిషి, చెత్త లారీల కంపెనీలో డ్యూటీ. ఎవరి నోట తెలుగు వినపడినా నంబరు తీసుకునే రకం. వెంటనే ఫోన్ చేసింది.

"అన్నయ్యా, ఘుబ్రాలో మా వీధి లారీలో మీరున్నారా?"

"నేను లేను చెల్లె, మా గంగన్న ఉన్నడు. నేను ఎనుక బండిల ఉన్న. ఏమైంది?"

"దాన్ని ఆపండన్నయ్యా. అందులో నా బతుకుంది."

"పాస్‌పోర్టా? నువ్వు మజీదు కాడికి ఉరుకు. ఛాయ్ తాగెతందుకు ఆపిస్త. పది నిమిషాల కంటె ఎక్కువ ఆగరు మరి."

మే నెల ఎండలో రెండు వీధులు పరుగెత్తి రమణి మసీదు దగ్గరికి చేరేసరికి లింబాద్రి కూడా వచ్చి, తానే లారీ వెనక ఎక్కి సంచులు ఒక్కొక్కటే కిందికి వేస్తున్నాడు. నీలం సంచులన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఏడో సంచిని రమణి ముడి చూసి గుర్తుపట్టింది. బియ్యం మూటకు వేసే అలాంటి జంట ముడి ఘుబ్రాలో ఇంకెవరూ వెయ్యరు. విప్పి, తడి టీ పొడీ, కొత్తిమీర కాడలూ పక్కకు తోసి, నాలుగు ముక్కలూ ఏరుకుంది.

"గిదేంది చెల్లె, పాస్‌పోర్టు కాదు గద?"

"చావు కబురు రాసిన ఉత్తరం అన్నయ్యా. మా మేడమ్‌ది. పొరపాటున చింపేశాను."

లింబాద్రి రెండడుగులు వెనక్కి గెంతి చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. "పొరపాటెట్లయితది? సావు కాయితం సింపకుంట ఎవలన్న ఇంట్ల వెట్టుకుంటరా? మంచిగనే జేసినవ్," అన్నాడు. ఒమాన్ మొత్తంలో ఆ రోజు రమణిని సమర్థించిన మనిషి అతనొక్కడే. అతని సంతకంతో వీసా రాదు.

ఇల్లు చేరేసరికి ఒంటిగంట. గమ్ము సీసా ఎండిపోయి ఉంది. రమణి అన్నం మెతుకులు నలిపి, పాత కేలండరు అట్ట మీద ముక్కలు పేర్చి అతికించింది. చేతిరాతలో ఉన్న ఇంగ్లిషు ఆమెకు గొలుసుకట్టు ముగ్గులాగే ఉంది కాబట్టి నల్ల అంచును బట్టి పేర్చింది. అంచు చుట్టూ సరిగ్గా కలిసింది. దాని మీద తువ్వాలు వేసి ఇస్త్రీ చేసింది. టీ మరకలు ఆరి ఇంకా బాగా పైకి తేలాయి. ఇప్పుడది నూట అరవై ఏళ్ల కాగితంలా లేదు, ఆరు వందల ఏళ్ల కాగితంలా ఉంది. ఒక పళ్లెంలో పెట్టి పైన శుభ్రమైన గుడ్డ కప్పింది. ఇక మేడమ్ రాగానే కాళ్ల మీద పడి చెప్పేయడమే. ఒంటరిగా ఉన్నప్పుడు చెబితే తిట్టినా నలుగురిలో పరువు దక్కుతుంది.

రెండింటికి గంట మోగింది. తలుపు తీస్తే మేడమ్ కాదు. ఒళ్లంతా కప్పే నల్లటి అబాయాల్లో ఉమ్ సాలిం, ఆవిడ వెనక నలుగురు ఆడవాళ్లు. ఒకరి చేతిలో కాఫీ ఫ్లాస్కు, ఒకరి చేతిలో ఖర్జూరాల పెట్టె. వాళ్ల వెనక ఆశా, డ్రైవరూ కలిసి మోస్తున్న పెద్ద పళ్లెం నిండా అన్నం, మాంసం. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలగదని వండుకుని తెచ్చారు.

"ఎవరికీ చెప్పొద్దన్నాను కదే!" రమణి పళ్లు కొరికింది.

"ఎవురికీ చెప్పలేదక్కా. ఒక్క మా మామాకే, ఈ పెద్దామెకే చెప్పినా. మామా ఆళ్లకి చెప్పింది."

"ఆయన పోయి నూట అరవై ఏళ్లయిందటే! వెళ్లిపొమ్మని చెప్పు."

ఆశ తన అరబ్బీలో ఏదో చెప్పింది. ఉమ్ సాలిం తల ఆడించి, ఆశ బుగ్గ నిమిరి, సోఫాలో కూర్చుంది.

"ఏం చెప్పావే?"

"శానా దినాలైందంట అని చెప్పినా. నూరు దాటితే నాకు అరబ్బీ రాదక్కా. ఇన్ని దినాలూ తెలీక రాకపోతిమే అని మామా బాధపడతాంది."

గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. మూడుకి పది నిమిషాలుందనగా మేడమ్ రానే వచ్చింది. చంకలో ఒక ఫ్రేము. అందులో ఉత్తరంతోపాటు అది రాసినవాడి ఫోటో కూడా పట్టేలా ఉంది. గదినిండా మనుషుల్ని చూసి గుమ్మంలో ఆగిపోయింది. ఉమ్ సాలిం లేచి వెళ్లి, ఆవిడను కావలించుకుని, "విలియం," అంది. ఆ ఒక్క మాటే. కళ్లు చెమ్మగిల్లాయి.

మేడమ్ అందరి మొహాలూ చూసింది. "మీరంతా... విలియం కోసం వచ్చారా? నా మీటింగు చూడ్డానికా?" అంది. "రమణీ, వీళ్లందరినీ నువ్వే పిలిచావా?"

రమణికి ముందు నుయ్యి, వెనక గొయ్యి. "మేడమ్, ఒక్క నిమిషం వంటింట్లోకి రండి, మీకొక మాట చెప్పాలి," అంది.

"తర్వాత, తర్వాత. అయిదు నిమిషాల్లో హిల్డా వస్తుంది. కుర్చీలు వెయ్యి. ఉత్తరం తీసుకురా, జాగ్రత్త."

ముందుగదిలో బల్ల మీద కంప్యూటర్ పెట్టారు. మూడింటికి తెర మీద హిల్డా కనిపించింది. ఎనభై ఏళ్ల మనిషి, మే నెలలో స్వెట్టరు వేసుకుని, ముందు ఒక లావుపాటి రిజిస్టరు పెట్టుకుని ఉంది. రమణి గుడ్డ కప్పిన పళ్లెం పట్టుకుని తలుపు పక్కన నిలబడింది.

"జిలియన్, ముందు మీరు నన్ను క్షమించాలి," అంది హిల్డా. "ఆ విలియం మీ విలియం కాదు."

మేడమ్ నవ్వు అలాగే ఆగిపోయింది. "అంటే?"

"ఒకే ఏడు బాప్తిస్మం తీసుకున్న విలియంలు ఇద్దరు. ఇద్దరూ వడ్రంగులే. ఇద్దరి తండ్రి పేరూ జాన్. నిన్న పక్క పారిష్ రిజిస్టరు తిరగేస్తే తెలిసింది. మీ విలియం 1861లో చావలేదు. భార్యనూ ముగ్గురు పిల్లల్నీ వదిలేసి, నాలుగు మైళ్ల అవతల ఇంకొకావిణ్ణి పెళ్లాడి, సారా కొట్టు పెట్టుకున్నాడు. తొంభై ఒకటో ఏట పోయాడు. సమాధి చేసేటప్పుడు ఊరంతా వచ్చింది."

ఉమ్ సాలిం మేడమ్ చెయ్యి పట్టుకుని ఏమైందని అడిగింది. మేడమ్ తనకొచ్చిన పదేళ్ల అరబ్బీని కూడదీసుకుని చెప్పింది. "మా విలియం అప్పుడు చనిపోలేదు."

"అల్‌హమ్దులిల్లా!" అని దేవుణ్ణి పొగిడారు అయిదుగురూ ఒక్కసారి.

"బతికొచ్చినాడా అక్కా?" ఆశ గుసగుసగా అడిగింది.

"వచ్చాడు. వచ్చి మళ్లీ పోయాడు. నువ్వు నోరు మూసుకో."

తెర మీద హిల్డా గొంతు సవరించుకుంది. "ఆ ఉత్తరం అసలు కుటుంబం దొరికింది. ఎనభై ఏడేళ్ల ముసలావిడ, ఆ విలియం ముది మనవరాలు. వచ్చే ఆదివారం చూడ్డానికి వస్తోంది. మీరు వెంటనే పంపేయాలి. ఒకసారి చూపించండి, క్షేమంగా ఉందని నా మనసు కుదుటపడుతుంది."

మేడమ్ చెయ్యి చాచింది. రమణి పళ్లెం అందించలేదు. గుడ్డ తీసింది.

నాలుగు ముక్కల ఉత్తరం, మధ్యలో శిలువలాగా అతుకు, అంతటా టీ రంగు. అతుకు మీద నలగని మెతుకు ఒకటి. పై ఎడమ ముక్కా, కింది కుడి ముక్కా ఒకదాని చోట ఒకటి తలకిందులుగా ఉన్నాయి.

"నేనే చింపాను మేడమ్," అంది రమణి. ఏడవకూడదనుకుంది గానీ ఏడుపు ఆగలేదు. "మీ తమ్ముడు పోయాడనుకున్నాను. మా వైపు చావు కబురు చదివి చింపేస్తాం మేడమ్. ఇంట్లో ఉంచుకోం. మీరు రెండు రోజుల్నించి దాన్ని ముందు పెట్టుకుని కూర్చున్నారు. మీకు ఎవరూ లేరు కదా. ఆ దుఃఖం ఇంట్లో ఉండకూడదని..."

ఉమ్ సాలిం ఉత్తరాన్నీ, రమణినీ, మేడమ్‌నూ మార్చి మార్చి చూసింది. రమణికి మాత్రం సమాయిల్ ఇంట్లోని రెండో వంటిల్లు కళ్ల ముందు కనిపించింది.

"జిలియన్," తెర మీంచి హిల్డా గొంతు సన్నగా, గట్టిగా వచ్చింది. "నాకు సరిగ్గా కనబడ్డం లేదు. అది చిరిగిందా? ఎవరు చింపారు?"

రెండేళ్లలో మేడమ్ నోటి వెంట రమణి ఒక్క అబద్ధం వినలేదు. ఇంట్లో ఉండి లేనని ఫోన్లో చెప్పించే అలవాటు కూడా ఆవిడకు లేదు. మేడమ్ కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుంది.

"నేనే," అంది. "చెయ్యి తగిలి టీ ఒలికింది. తుడవబోతే చిరిగింది. బాగుచేసేవాళ్ల చేత నా ఖర్చుతో చేయిస్తాను. ఆ పెద్దావిడకు నేనే ఉత్తరం రాసి క్షమాపణ చెప్పుకుంటాను."

"నాలుగు సమానమైన ముక్కలుగానా?" అంది హిల్డా.

"నేను పద్ధతైన మనిషిని," అంది మేడమ్.

ఇకమీదట ఆ పారిష్ నుంచి ఒమాన్‌కు ఒక్క కాగితం కూడా రాదని హిల్డా మర్యాదగా చెప్పి తెర మూసేసింది. మూడేళ్ల వెతుకులాట అక్కడితో ఆగిపోయింది. వండి తెచ్చిన అన్నం ఎవరు పోయినా, ఎవరు బతికినా చల్లారకూడదని ఉమ్ సాలిం పళ్లెం ముందుకు జరిపింది. మేడమ్ వాళ్లతోపాటు కింద కూర్చుని చేత్తోనే తింది. సారా కొట్టు విలియం గురించి ఆవిడ చెబుతుంటే ఆడవాళ్లు మొదట బుగ్గలు నొక్కుకున్నారు, తర్వాత పగలబడి నవ్వారు. అలాంటి విలియం మా వంశంలోనూ ఒకడున్నాడని ఉమ్ సాలిం ఒప్పుకుంది.

అందరూ వెళ్లాక రమణి ఖాళీ పళ్లెం తోముతూ తల ఎత్తకుండానే అడిగింది. "నేను చేసిన తప్పు మీ మీదెందుకు వేసుకున్నారు మేడమ్?"

మేడమ్ వీసా ఫారం వంటింటి గట్టు మీద పెట్టి పెన్ను మూత తీసింది. "చచ్చిపోయినవాణ్ణి వెతకడానికి నాకు మూడేళ్లు పట్టింది. అప్పటికీ వేరే మనిషే దొరికాడు. బతికున్న మనిషి కోసం మళ్లీ వెతికే ఓపిక నాకు లేదు," అంది.

రమణి సబ్బు చేతులతోనే దణ్ణం పెట్టింది. మేడమ్ రెండేళ్లకు పొడిగిస్తూ సంతకం పెట్టింది.

సంతకం కింద తేదీలో అలవాటు కొద్దీ 1861 అని వేసింది గనక, మర్నాడు రమణి వీసా ఫారాలు నింపే టైపింగ్ సెంటర్‌కు వెళ్లి ఇంకో ఫారం తెచ్చుకోవాల్సి వచ్చింది.